పైతోట నుంచి మారుకూత

అచ్చియమ్మ ఎలాంటి మనిషో తెలియాలంటే ముందు అనంతగిరి సంతలో రవిబాబు ఎండుచేపల గుట్ట మీద కూలబడ్డ సంగతి చెప్పుకోవాలి.

రవిబాబు ఒక షావుకారు దగ్గర మనిషి. కొండల మీంచి ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని దిగివచ్చే దారిలో, సంత ఇంకా కూతవేటు దూరం ఉండగానే కాపు కాస్తాడు. ఎవరి బుట్ట చేతికందితే ఆ బుట్ట దించి షావుకారు కొట్టు ముందు పెట్టేస్తాడు. బుట్ట ఎక్కడ దిగితే బేరం అక్కడే తెగాలి, అది వాళ్ళు పెట్టుకున్న ధర్మం. కొండవాళ్ళు గొడవకు వెనకాడతారు కాబట్టి ఆ ధర్మం చాలాకాలం బాగానే నడిచింది. ఆ రోజు అతని చేతికందింది అచ్చియమ్మ రాజ్మా గింజల బుట్ట.

"ఇలాగియ్యి, మా సావుకారు మంచి రేటిత్తాడు," అని అంచు పట్టుకున్నాడు.

"మీ సావుకారి రేటు నాకెందుకు బావూ? నా బుట్ట, నా కాళ్ళు. సంతలోకి నానే మోసుకెల్తాను."

అతను వదల్లేదు, లాగాడు. ఆమె కూడా లాగింది. జనం మూగారు. వాళ్ళలో యర్రమ్మ ఒకతి. అచ్చియమ్మది, ఆమెది ఒకటే ఊరు, ఇప్పలపుట్టు. పొగాకు కొనుక్కోడానికి వచ్చిన ఆ ముసలిది చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ, తీర్థంలో నాటకం చూస్తున్నట్టు నిలబడింది. సాయానికి వెళ్ళలేదు. అచ్చియమ్మ కొట్లాటలో సాయానికి వెళ్ళినవాళ్ళకే ముందు తిట్లు తగులుతాయని ఊరందరికీ తెలుసు.

జనం చూస్తుంటే రవిబాబుకి తల కొట్టేసినట్టయింది. అచ్చియమ్మకి ఎడమ కనుబొమ నుంచి దవడ దాకా చర్మం వంకరగా కుట్టిన గోనెసంచిలా ఉంటుంది. అటు చూసి నోరు జారాడు.

"ఎలుగ్గొడ్డు కూడా ఒద్దని ఒదిలీసిన మొకం! నీకేటే ఇంత పొగరు?"

మచ్చ లేని వైపు మాత్రమే సాగే నవ్వు అచ్చియమ్మది. ఆ నవ్వు నవ్వింది.

"అవును బావూ. అది ఒదిలీసింది, నాను ఒదల్ను," అంది. ఆ మాట నోట్లో ఉండగానే బుట్ట వదిలేసింది.

బలమంతా పెట్టి లాగుతున్నవాడు బుట్టతో సహా వెనక్కి పడుతూ లేస్తూ పోయి, నెత్తళ్ళ గుట్ట మీద కూర్చున్నాడు. ఆ చేపలమ్మే ఆమె భీమిలి వైపు మనిషి, సముద్రం మీద అరిచి అలవాటైన గొంతు. అతని చొక్కా పట్టుకుని లేవనివ్వలేదు. చివరికి షావుకారే వచ్చి బతిమాలాల్సి వచ్చింది. చెల్లాచెదురైన గింజలన్నీ అచ్చియమ్మ రవిబాబు చేతే ఏరించింది, చేపపొట్టు ఊదించింది, బుట్ట కూడా అతని చేతే నెత్తిన పెట్టించుకుంది. ఆ తరవాత ఆ దారిలో ఇప్పలపుట్టు ఆడవాళ్ళ బుట్టల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

యర్రమ్మ ఊరికి వచ్చి ఈ కథ ఇంటింటికీ చెప్పింది. అంతా విని నవ్వారు. నవ్వాక ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు: "సంతలో పులే. మరి పైతోటకెందుకెల్లదు?"

సొంత తోటలో అచ్చియమ్మ కాలు పెట్టి అప్పటికి రెండు కోతలు దాటిపోయాయి.

ఇప్పలపుట్టు అరకు ఘాట్ రోడ్డు దిగి, గెడ్డ, అంటే కొండవాగు, పక్కనే కొంత దూరం నడిస్తే వచ్చే చిన్న ఊరు. ఊరికి ఎదురుగా, గెడ్డకి అవతల, కొండ మెట్లు మెట్లుగా లేస్తుంది. ఆ మెట్ల మీదే కాఫీ తోటలు. అడుగున కనకది, దాని మీద మాధవిది, ఆ పైన సోంబరుది, అన్నిటికంటే పైన అచ్చియమ్మది. దాన్నే పైతోట అంటారు. పెళ్ళైన కొత్తలో ఆమె, మొగుడు కలిసి సిల్వరోకు మొక్కలు కావిడితో మోసుకెళ్ళి నాటారు. అవి నీడ పట్టే ఎత్తుకి లేచాక కింద కాఫీ వేశారు, మానుకి మిరియం తీగ పాకించారు. మొగుడు విషజ్వరంతో పోయాడు. ఒక్కగానొక్క కూతురు హుకుంపేట అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఆ తోట మాత్రం ఆమెతో ఉండిపోయింది. మొగుడి చెయ్యి తగిలిన చెట్టు ఏదో, తన చెయ్యి తగిలిన చెట్టు ఏదో ఆమెకి తెలుసు.

ఆ కొండ మీద ఎలుగు పేరు ఎత్తరు. గొంగళి కప్పుకున్న ముసలాయనలా నడుస్తుంది కాబట్టి గొంగళాయన అంటారు. పేరెత్తితే పిలిచినట్టేనని పెద్దల మాట. పేరుతో మొదలైన భయం పోను పోను నోటికంతా పాకింది. తోటలో పాట పాడకూడదు, కేకెయ్యకూడదు, దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకోవాలి. అచ్చియమ్మకి ఊళ్ళో ఎంత నోరున్నా తోటలో మూగదే.

రెండు కోతల కిందట ఒక శీతాకాలం పొద్దున, మంచు ఇంకా విడలేదు. పండిన కాఫీ పళ్ళు ఒక్కొక్కటే తెంపి నడుముకి కట్టుకున్న బుట్టలో వేస్తోంది. పొదకి ఇవతల ఆమె, అవతల చెదపుట్ట తవ్వుకుంటూ అది. చప్పుడు చెయ్యకపోతే అది వినదని ఈమె ఊపిరి కూడా బిగబట్టి కోసింది. చప్పుడు వినబడితే తప్పుకునే జంతువుకి మనిషి ఉందని తెలియనే లేదు. కొమ్మ తప్పించేసరికి ఇద్దరూ ఎదురుపడ్డారు. అది లేచి నిలబడింది. ఆమెకి గుర్తున్నంతవరకు దాని మొహంలో కూడా భయమే ఉంది. ఒక్క దెబ్బ కొట్టి పారిపోయింది. ఎవరో కట్టెలకి పోయినవాళ్ళు చూసేదాకా ఆమె అక్కడే పడి ఉంది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు, అక్కడి నుంచి బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

మొహం కుట్లతో అతుక్కుంది. భయమే అతుక్కోవాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో అతుక్కుంది.

ఆ ఏడు మరిది సోంబరు వచ్చి, "ఒదినా, నువ్వు లేవలేవు. ఈ కోత నాను కోత్తాను," అన్నాడు. మంచి మాటే. మరుసటి ఏడు కూడా అతనే కోశాడు, ఆమె భాగం ఆమెకి తెచ్చిచ్చాడు. మూడో కోతకి ముందు మాత్రం ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళాడు. శంకుదేవుడి రాళ్ళ దగ్గర ఊరంతా కూర్చుంది.

"తోటకి మడిసుండాలి పెద్దయ్యా," అన్నాడు సోంబరు. "ఒదిన ఎల్లదు. ఎప్పటికైనా ఎల్తాదన్న నమ్మకం నాకు నేదు. నాను కోత్తన్నాను, నాకే ఒదిలీమనండి. కాయి చెట్టునే ఎండితే పురుగడతాది. ఆ పురుగు రేపు నా తోటకొత్తాది, ఎల్లుండి మీ తోటకొత్తాది."

అతని మాటలో అన్యాయం లేదు. అదే అచ్చియమ్మకి ఎక్కువ కోపం తెప్పించింది. అన్యాయంగా మాట్లాడేవాడిని తిట్టడం తేలిక.

ఊరిపెద్ద గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. ఈ కోత అచ్చియమ్మ తన చేత్తో తాను కోసుకుంటే పైతోట ఆమెదే, ఇంకెవరూ మాట్లాడకూడదు. కోత అయ్యేసరికి పండు చెట్టునే నల్లబడి ఉంటే సోంబరు చూసుకుంటాడు.

"నా తోట నాను కోసుకోడానికి మీ సెలవేటి?" అని లేచి, చీర దులుపుకుని, అందరి మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయింది. ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నాక, గోడ పట్టుకుని కూర్చుండిపోయిన సంగతి ఎవరూ చూడలేదు.

పళ్ళు ఎర్రబడ్డాయి. అందరూ తోటలకి పోతున్నారు. అచ్చియమ్మ కూడా బుట్ట కట్టుకుని బయలుదేరేది. గెడ్డ దాకా వెళ్ళేది. గెడ్డ దాటే రాళ్ళ దగ్గర కాళ్ళు ఆగిపోయేవి. ఊరికే నిలబడితే ఎవరైనా అడుగుతారని సద్దిగిన్నె తీసి తోమేది. తోమిందే తోమేది. ఊరు ఖాళీ అయ్యాక వెనక్కి వచ్చేసేది.

ఒక పొద్దున వెనకనుంచి చుట్టవాసన వచ్చింది.

"ఏటే అచ్చీ, ఆ గిన్ని మీద నీకేటి కోపం? నిన్నా తోమినావు, మొన్నా తోమినావు. అరిగి పళ్ళెమైపోద్ది."

యర్రమ్మ. వరసకి అత్త. మోకాళ్ళు కొండెక్కనివ్వవు గానీ కళ్ళూ నోరూ ఇంకా పడుచుగానే ఉన్నాయి. అరుగు మీద కూర్చుని ఊరందరి నడక చూసి, ఎవరింట్లో ఏమయిందో చెప్పే మనిషి. ఆమె ఎదురొస్తే జనం దారి మార్చుకుంటారు.

"నీ పని నువ్వు సూసుకో అత్తా."

"నా పని సూసుకోడానికి నాకు పనేదే? అందుకే నీ పని సూత్తన్నాను. ఎల్లు మరి, ఎల్లవేం?"

అచ్చియమ్మ నోటికి వచ్చిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. దాని బదులు నిజం వచ్చేసింది.

"బయం అత్తా. మడిసి అయితే నాలుగు మాటలంటే పోతాడు. గొంగళాయన్ని ఏటంటాను?"

"ఆ రోజు ఏటన్నావు?"

"ఏటీ అన్నేదు. నోరు మూసుకుని కోత్తన్నాను కదా. కొండ మీద నోరెత్తకూడదని..."

"పేరెత్తకూడదన్నారే గుంటా! నోరెత్తకూడదని ఎవులన్నారు?" యర్రమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. ఆమె చుట్ట తీసిందంటే పెద్ద సంగతే. "మీ అత్తా నానూ చోడి చేలు కాసినప్పుడు మంచెకో మడిసి. ఈ మంచె మీంచి ఒకర్తి కూతేత్తే ఆ మంచె మీంచి ఇంకోర్తి మారుకూత ఎయ్యాల. కొండంతా కూతే. మారుకూత రాకపోతే కత్తీ కర్రా పట్టుకుని అందరం లగెత్తేవోళ్ళం. గొంగళాయన మా గొంతులకే ఆ గట్టు దాటెల్లిపోయేవోడు."

"మరేటయిపోయిందా కూత?"

"ఏటవుద్ది? చోడి చేలు పోయాయి, కాపీ తోటలొచ్చాయి. చేలయితే అందరివీ ఒక్కసారి కాయాల. తోటలకి అదేం నేదు. ఎవులి తోటకి ఆలే ఎల్తారు, ఎవులి పళ్ళు ఆలే కోసుకుంటారు. ఎవులి బయం ఆలదే. నాకేటి తెలుసు, ముసిల్దాన్ని," అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కొండనీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. అచ్చియమ్మ తన బిందె కింద పెట్టి, సంతలో మాట్లాడినంత గట్టిగా చెప్పేసింది.

"నాకు పైతోటకెల్లాలంటే బయం. గెడ్డ దాటనేకపోతన్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు. అందరికంటే కింద తోట ఉన్న కనక, పక్కకి చూస్తూ గొణిగింది.

"ఒదినా, నానెప్పుడూ లోపలికెల్లను. బాట పక్క చెట్లే కోత్తాను. లోపలి పళ్ళు గాలికి రాలిపోనాయని మా ఇంటాయనకి సెప్తాను."

"ఓలమ్మా! గాలికా?"

మాధవి, పాతికేళ్ళు కూడా నిండని పిల్ల, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాను ఫోన్లో చర్చి పాటలెట్టుకుంటాను పిన్నీ. మెల్లిగా. దేవుడికి ఇనిపిత్తే సాలు, గొంగళాయనకి ఇనిపించకూడదని."

"బ్యాటరీ అయిపోతే?"

"బేగి ఇంటికొచ్చేత్తాను."

"నాను కుక్కని తీసుకెల్తన్నాను," అంది కనక పక్క తోట ఆమె. "అది నాకంటే ముందు పారిపోతాది. దాని ఎనకాల నాను."

అప్పుడు నవ్వారు. బిందెలు పక్కన పెట్టి, కుళాయి దిమ్మ మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఇన్నేళ్ళుగా ప్రతి ఒక్కరూ తాము ఒక్కరే పిరికివాళ్ళమనుకుని, పక్క తోటలో కోస్తున్న మనిషి ధైర్యం చూసి సిగ్గుపడుతున్నారు. ఆ పక్క తోటలో మనిషి కూడా ఇటు చూసి అదే సిగ్గు పడుతోంది.

నవ్వు ఆగాక అచ్చియమ్మ మంచె కూత సంగతి చెప్పింది. అందరూ కలిసి ఒక్కరి తోటే కోద్దామంటే కుదరదు. పళ్ళన్నీ ఒక్కసారే పండుతాయి, ఒకరిది కోసేలోగా ఇంకొకరివి రాలిపోతాయి. ఎవరి తోటలో వాళ్ళే ఉండాలి, గొంతులు మాత్రం కలవాలి. కింద నుంచి కనక మొదలెట్టాలి, మాధవి అందుకోవాలి, ఆ పైన అచ్చియమ్మ మారుకూత వెయ్యాలి. బుట్ట నిండి గోనెలో పోసినప్పుడల్లా ఒక కూత. మారుకూత రాకపోతే ఎక్కడివి అక్కడ వదిలేసి అందరూ పరిగెత్తాలి.

"మధ్యలో సోంబరు మావ తోటుంది కదా," అంది మాధవి. "ఆ మావనీ కూతెయ్యమంటే?"

అడిగారు. సోంబరు పళ్ళికిలించాడు. "నాకేటి బయం? ఆడంగి కూతలు నానెయ్యను," అన్నాడు.

మర్నాడు ఆడవాళ్ళు అచ్చియమ్మని మధ్యలో పెట్టుకుని గెడ్డ దాటించారు. ఒక్కొక్కరూ తమ తోట రాగానే ఆగిపోయారు. మిగిలిన దారి ఆమె ఒక్కతే ఎక్కింది. పైతోటలోకి అడుగు పెట్టింది. కింద నుంచి "ఓహోయ్" అని కనక కూత సన్నగా వచ్చింది, దాని వెనకే మాధవి కూత. ఇక ఆమె వెయ్యాలి. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. సంతలో రవిబాబుకి బదులు చెప్పిన గొంతు చిన్నపిల్ల చేతిలోంచి జారిన గాజులా ఎక్కడో పడిపోయింది. ఆకు కదిలితే గొంగళి కనిపిస్తోంది. మొగుడు నాటిన సిల్వరోకు మానుని వాటేసుకుని కూర్చుండిపోయింది.

కింద మాధవి రెండోసారి కూత వేసింది. మారుకూత లేదు.

ఇంకాసేపటికి పొదల్లోంచి రొప్పుతూ వచ్చారు. కనక చేతిలో కత్తి, మాధవి చేతిలో సద్దిగిన్నె మూత. కుక్కని తీసుకెళ్ళే ఆమె కుక్క లేకుండానే వచ్చింది. అచ్చియమ్మని, ఆమె వాటేసుకున్న మానుని చూశారు.

"తిట్టండే," అంది అచ్చియమ్మ తల ఎత్తకుండా. "మీ పనులు పాడుసేసినాను. తిట్టండి."

"తిట్టడం నీకొచ్చినట్టు మాకెక్కడొచ్చు?" అని కనక పక్కన చతికిలబడి ఊపిరి తీసుకుంది. "ఎలాగా ఎక్కినాం. వొట్టి చేతుల్తో దిగడమెందుకు? కోసేద్దారి పట్టండి."

అలా మొదటిరోజు పైతోట పళ్ళు అందరి చేతుల మీదుగా కొంత తెగాయి. మనుషులు పక్కనుండేసరికి అచ్చియమ్మ కాళ్ళు లోపలికి నడిచాయి. నడిచినకొద్దీ ఒకటి కనిపించింది. బాట పక్క వరసల్లో చెట్లు శుభ్రంగా ఉన్నాయి. లోపలి చెట్లకి మాత్రం ఎర్ర పళ్ళ మధ్య పాత పళ్ళు నల్లగా, ఎండిపోయి, మేకపెంటికల్లా వేలాడుతున్నాయి. ఈ ఏటివి కావు. నిరుడివి.

మాధవి కూడా చూసింది. "పిన్నీ, ఇవి..."

"ఊఁ," అంది అచ్చియమ్మ. ఒక నల్లటి కొమ్మ విరిచి కొంగున ముడేసుకుంది.

రెండు కోతలు కోసిన సోంబరు కూడా ఏనాడూ లోపలికి వెళ్ళలేదన్నమాట.

ఆ కొమ్మ తీసుకెళ్ళి ఊరిపెద్ద ముందు పడేస్తే చాలు. పురుగు పడుతుందని గోల చేసినవాడే పురుగుకి మేత పెట్టాడని ఊరంతా నవ్వేది. తగువు అక్కడితో తీరిపోయేది. ఇలాంటి ఆయుధం చేతికి దొరికితే అచ్చియమ్మ వదులుతుందని ఆమెని తెలిసినవాళ్ళెవరూ అనుకోరు. ఆమె కూడా అనుకోలేదు. దారంతా ఏమేమి తిట్టాలో వరస పెట్టుకుంటూనే దిగింది. మరిది ఇంటి ముందు, పళ్ళు ఆరబోస్తున్న సోంబరు పక్కన కూర్చుని కొంగు ముడి విప్పింది.

అతను ఆ కొమ్మ చూశాడు. మొహం మాడిపోయింది. ఆమె వైపు చూడలేదు.

"టపాకాయలు ఎట్టుకుని ఎల్లేవోడ్ని ఒదినా," అన్నాడు. "సీతాకాలం మంచుకి తడిసిపోయేవి. తడిస్తే ఎనక్కొచ్చేసేవోడ్ని. నీ మొకం అలాగయిపోయినప్పుడు డోలీ ముందు కొన నానే మోసినాను కదా. నెత్తురంతా నా భుజం మీదే కారింది. ఎలాగెల్తాను లోపలికి?"

వరస పెట్టుకున్న తిట్లు ఒక్కటీ గుర్తుకి రాలేదు అచ్చియమ్మకి. ఆ డోలీ ఎవరు మోశారో ఆమె ఏనాడూ అడగలేదు.

"మరెందుకురా సోంబరూ, తోట నాకిమ్మని కూకున్నావు?"

"నా పేరు మీదుంటే బయపడకుండా ఎల్తానేమోనని."

"ఓరి ఎర్రి గుంటడా," అంది ఆమె. "పేరు మారితే గొంగళాయన అడ్రసు సూసుకుని పోతాడేటి?" అని ఆ కొమ్మ వాకిట్లో మండుతున్న పొయ్యిలో పడేసింది. "రేపు కింద నుంచి మాధవి కూతేత్తాది. నువ్వు అందుకో. ఆడంగి కూత కాకపోతే మగకూతే ఎయ్యి. నాకు ఇనిపిస్తే సాలు."

మర్నాటి నుంచి మధ్యలో ఖాళీ లేదు. కింద నుంచి పైకి నాలుగు గొంతులు. అచ్చియమ్మ మారుకూత మొదట్లో పిల్లికూన ఏడ్చినట్టు ఉండేది. "ఇనిపించనేదొదినా, మల్లీ ఎయ్యి!" అని సోంబరు కింది నుంచి అరిచేవాడు. విని కూడా అరిచేవాడేమో. ఆమెకి ఒళ్ళు మండి కొంచెం గట్టిగా వేసేది. నాలుగు కూతల మధ్య ఎర్రవీ పాత నల్లవీ పళ్ళు తెగుతూనే ఉన్నాయి. చెట్టు తరవాత చెట్టు, వరస తరవాత వరస, లోపలికి, ఇంకా లోపలికి. ఒక్క చెదపుట్ట వైపు మాత్రం వెళ్ళేది కాదు.

చివరికి ఆ మూల వరస ఒక్కటే మిగిలింది.

ఆ పొద్దున మంచు దుప్పటిలా దిగి ఉంది, పది అడుగుల అవతల మాను కూడా కనిపించదు. అచ్చియమ్మ మూల వరసలో రెండో చెట్టు దగ్గర ఉంది. ముందు వాసన వచ్చింది, తడిసిన గొంగళి వాసన. తరవాత మట్టి గీరుతున్న చప్పుడు. మంచు కాస్త పలచబడి పుట్ట కనిపించింది. పుట్ట మీద వంగి ఒక నల్లటి వీపు.

కుట్ల మచ్చ ఒక్కసారి సలపరించింది. చెయ్యి వెళ్ళి బుట్ట అంచు గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కిందెక్కడో కనక బుట్ట నిండింది. "ఓహోయ్!" అంది. మాధవి అందుకుంది. సోంబరు గొంతు మంచు చీల్చుకుంటూ వచ్చింది. ఆ వీపు కదలడం మానేసింది. అది తల ఎత్తి చెవులు నిలబెట్టింది. కొండ మొత్తం అచ్చియమ్మ కోసం ఆగింది.

ఎవరో తన బుట్ట లాగుతున్నట్టు అనిపించింది ఆమెకి.

"ఒరే గొంగళోడా!" అని పెట్టింది కేక. "నీ అబ్బ ఏసిన తోటేట్రా ఇది? సగం మొకం పట్టుకుపోనావు, సాల్లేదా? మా ఆయన నాటిన మానుకి ఈపు రాసుకుంటావా! పో! ఆ గట్టు దాటి పో! నీ పుట్టలు నీకు లేవేటి? నాను ఒదిలీసి పారిపోతాననుకున్నావేటి, నాను ఒదల్నురా, ఒదల్ను!"

అలాంటి మారుకూత ఆ కొండ ఎన్నడూ వినలేదు. కింద నుంచి మూడు గొంతులు ఒకేసారి లేచాయి. కూతలు కావు, తిట్లే. సోంబరు టపాకాయ కూడా ఒకటి, తడిసిందో ఏమో, తుస్సుమంది. గొంగళాయన రెండు కాళ్ళ మీద లేవలేదు. నాలుగు కాళ్ళ మీదే తిరిగి, పెద్దమనిషి మర్యాద పోగొట్టుకుని సంతలోంచి వెళ్తున్నట్టు, వెనకభాగం ఊపుకుంటూ గట్టు ఎక్కి మంచులో కలిసిపోయాడు.

అందరూ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అచ్చియమ్మ వణుకుతూనే ఉంది. వణుకుతూనే మూడో చెట్టు కోస్తోంది.

కోత అయింది. ఊరిపెద్ద ఎక్కి తోటంతా తిరిగి చూశాడు. ఎక్కడా నల్లటి పండు లేదు. సోంబరే ముందుగా, "తోట ఒదినదే పెద్దయ్యా," అనేశాడు. భయం పోయిందా అని ఎవరో అడిగితే అచ్చియమ్మ, "పోనేదు. అదీ నాతోపాటే కొండెక్కుతాది. నాను కోత్తాను, అది సూత్తాది," అంది.

ఇక మిగిలింది మిరియాల కోత. అది ఇంకా కష్టం. సిల్వరోకు మానుకి నిచ్చెన వేసి ఎక్కాలి. గొంగళాయన రాకపోయినా కాలు జారితే చాలు. పైన కూత అందుకోడానికి మనుషులున్నారు. కానీ డోలీ మొయ్యాల్సిన మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు, కూత ఊరి దాకా రాదు. గెడ్డ హోరు మింగేస్తుంది.

అచ్చియమ్మ పొగాకు కట్ట ఒకటి చేత్తో పట్టుకుని యర్రమ్మ అరుగు దగ్గరికి వచ్చింది. ముసలిది మొహం తిప్పేసుకుంది. కోత మొదలైన దగ్గర్నుంచి ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. అందరికీ కూత నేర్పింది తనే, అందరూ తోటలకి పోతుంటే అరుగు మీద మిగిలిపోయింది కూడా తనే. పిలవని పేరంటానికి వెళ్ళే మనిషి కాదు.

"ఏటి, దారి తప్పొచ్చావేటి?" అంది.

"నీ కాడికే వొచ్చినాను అత్తా."

"నా కాడ ఏటుందే? కాళ్ళు లేవు, పళ్ళు లేవు. నోరొక్కటుంది. అదీ ఊరోళ్ళకి గిట్టదు."

"అదే కావాల," అంది అచ్చియమ్మ, పొగాకు కట్ట ఆమె ఒళ్ళో పెట్టి. "మా గొంతులు గెడ్డ దాటవు. నీది దాటుతాది, ఈ ఊర్లో నీ నోరు దాటని గోడేదీ నేదు. రేపు పొద్దున్న మాతో గెడ్డ దాకా రా, నాను చెయ్యట్టుకుని తీసుకెల్తాను. నాను గిన్ని తోమిన ఆ రాయి మీద కూకో. కనక కూత ఇనపడినప్పుడల్లా మారుకూత ఎయ్యి. ఎప్పుడైనా ఇనపడకపోతే, అత్తా, ఇటు ఊరి కేసి తిరిగి, ఒక్కడు కూడా ఇంట్లో కూకోలేనట్టు తిట్టు."